డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు

జూన్ 2, సోమవారం

బావ చేతిలోంచి పానా మూడుసార్లు జారింది ఇవాళ. పొద్దున రెండుసార్లు, భోజనానికి ముందు ఒకసారి. మూడోసారి జారినప్పుడు ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. నేను బోనెట్ లోపలికి తల దూర్చి, చూడనట్టు నటించాను. చూశానని ఆయనకి తెలుసు.

షుగరు పదకొండేళ్ళుగా. అరికాళ్ళు మొద్దుబారాయని అక్క రెండేళ్ళుగా మొత్తుకుంటోంది. ఇప్పుడు వేళ్ళ కొసలు కూడా. పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకుని, కాలడం లేదురా అంటాడు, గొప్పగా. గొప్పేముంది అందులో?

డాక్టరు దగ్గరికి వెళదామంటే — "నా చెయ్యి సంగతి నాకు తెలీదా?" ఎప్పుడూ అదే మాట.

జూన్ 3, మంగళవారం

ఒకాయన కారు దిగి, నా ఎదురుగా నిలబడి, రంగారావు గారు లేరా అన్నాడు. నేనున్నాను కదండీ అన్నాను. బావ వచ్చాకే చూపిస్తానని వెళ్ళి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

ఈ ఆటోనగర్‌లో, ఈ షెడ్డులో, ఇరవై ఆరేళ్ళు. ఐటీఐ తప్పి, పదిహేడేళ్ళప్పుడు వచ్చి చేరాను. అక్క మొగుడు కదా, చేరదీశాడు. పని నేర్పాడు. కాదనను. కానీ బోర్డు మీద ఆయన పేరే, జనం నోట్లో ఆయన పేరే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నాడని నన్ను పెళ్ళిళ్ళలో ఎత్తిపొడిచేవాళ్ళు ఉన్నారు. ఈ పదేళ్ళలో బరువు పనంతా ఎవరు చేశారో వాళ్ళకేం తెలుసు?

ఇవాళ్టికి ఇది చాలు.

జూన్ 5, గురువారం

లెక్చరర్ గారి కారు వచ్చింది. పామర్రు కాలేజీలో పని ఆయనకి. ఇక్కడి నుంచి రోజూ తనే నడుపుకుంటూ వెళతారు. దారిలో ఇంకో ఇద్దరు మేడమ్‌లు ఎక్కుతారు. బ్రేకు వేస్తే స్టీరింగు వణుకుతోందని వచ్చారు.

చక్రాలు విప్పితే ముందు బ్రేకు డిస్కులు రెండూ అరిగిపోయి, అంచున గట్టు కట్టి ఉన్నాయి. వాటిని నొక్కే పేడ్లు మారిస్తే సరిపోదా అని అడిగారు. బావ ఆయన వేలు పట్టుకుని ఆ అంచు మీద పెట్టించాడు. "తెలుస్తోందా మాస్టారూ? కంటికి కాదండీ, వేలికి తెలియాలి."

నీ వేలికి తెలుస్తోందా బావా — అని అడగాలనిపించింది. అడగలేదు.

డిస్కులు తెప్పించాం. రేపు పొద్దున్నే పని. లెక్చరర్ గారి భార్య ఫోన్ చేశారు. శుక్రవారం పదిన్నరకి రాహుకాలం, ఆలోపు బండి షెడ్డు దాటాలట. దాటిస్తామమ్మా అన్నాడు బావ. మాట ఇవ్వడం ఆయన వంతు, పరిగెత్తడం నా వంతు.

జూన్ 6, శుక్రవారం

ఎనిమిదింటికి మొదలు. బావ క్లీనర్ సైడు, నేను డ్రైవర్ సైడు.

కారుకి క్లీనరెక్కడ? లారీల దగ్గర పని నేర్చుకున్న మనిషి, ఆ భాష వదల్లేదు. ఎడమ పక్క ఎప్పటికీ క్లీనర్ సైడే. మా షెడ్డులో ఎడమ, కుడి అనకూడదు. సీట్లో కూర్చున్నవాడికి ఒక ఎడమ, బండికి ఎదురుగా నిలబడ్డవాడికి ఇంకో ఎడమ అంటాడు. ఇవాళ నోరుజారి, ఎడం వైపు పేడు ఇటివ్వమన్నాను. సరిగ్గా అడిగేదాకా విననట్టే ఊరుకున్నాడు.

పేడ్లని పట్టి ఉంచే కాలిపర్ విప్పి, తీగతో పైకి కట్టి — బ్రేకు గొట్టానికి వేలాడదీస్తే బావ తిడతాడు — బ్రాకెట్టు తీసి, పాత డిస్కు సుత్తితో తట్టి, తుప్పు రుద్ది, కొత్త డిస్కు మీద నూనె థిన్నర్‌తో తుడిచి… మళ్ళీ అన్నీ వరసగా వెనక్కి. విప్పడం ఎవడైనా విప్పుతాడు, బిగించడమే పని. ఇదీ బావ మాటే. బ్రాకెట్టుకి రెండు పెద్ద బోల్టులు. కాలిపర్ చోటున ఉండేది ఆ రెంటి మీదే.

ఆఖరి బిగింపు అయ్యాక బోల్టు తల మీంచి బ్రాకెట్టు మీదికి ఒక ఎర్ర గీత. అక్క గోళ్ళరంగుతో. బోల్టు ఏ మాత్రం తిరిగినా గీత విరుగుతుంది. దాన్ని మేం బొట్టు అంటాం. బొట్టు పెట్టకుండా చక్రం ఎక్కించకూడదు.

పదింటికే లెక్చరర్ గారి భార్య నిమ్మకాయలతో వచ్చి వాకిట్లో నిలబడ్డారు. వాచీ వైపు చూడటం, మా వైపు చూడటం. నా వేళ్ళు నాకే అడ్డొస్తున్నాయి. "బొట్టు పెట్టావా?" అన్నాడు బావ అవతలి నుంచి. పెట్టానన్నాను. చక్రం ఎత్తుతుంటే మళ్ళీ అడిగాడు. ఇరవై ఆరేళ్ళ తర్వాత కూడా నన్ను అడగాలా? పెట్టానన్నాను కదా అని విసుక్కున్నాను. లెక్చరర్ గారూ, ఆవిడా విన్నారు. బావ మొహం చిన్నబోయింది. పోనీ.

పెడలు గట్టిపడేదాకా తొక్కించి, నిమ్మకాయల మీదుగా పదీ ఇరవై ఎనిమిదికి దాటించాం. రాహుకాలం ఓడిపోయింది.

జూన్ 7, శనివారం

లెక్చరర్ గారి ఫోన్. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

ఉయ్యూరు దాటాక ముందు చక్రం దగ్గర టకటకమని మొదలైందట. ఆపుదామనుకునేలోపు పెద్ద చప్పుడు, బండి ఒక పక్కకి లాగేయడం… కాలవ గట్టు మీద ఆగింది. ఇంకో రెండడుగులు వెళితే బందరు కాలవ. ఇద్దరు మేడమ్‌లు కూడా ఉన్నారు బండిలో. ఒకావిడ ఇంకా ఏడుస్తూనే ఉందట. ఎవరికీ ఏమీ కాలేదు. ఉయ్యూరు నుంచి మెకానిక్ వచ్చి చక్రం విప్పితే, కాలిపర్ వేలాడుతోంది. బ్రాకెట్టు బోల్టు ఒకటి లేదు. రెండోది వేళ్ళతో తిరుగుతోంది.

"ఏ చక్రమండీ?" అన్నాను.

"ఎడం వైపుదండీ. ముందు చక్రం."

ఎడమ. క్లీనర్ సైడు. బావ.

స్టూలు మీద కూర్చుండిపోయాను. ఎదురుగా బావ పెరుగన్నం తింటున్నాడు. ముద్ద నోటి దాకా వెళ్ళేలోపు కింద రాలుతోంది. ఎవర్రా ఫోన్లో అన్నాడు. రాంగ్ నంబరన్నాను.

ముగ్గురు మనుషులు.

జూన్ 8, ఆదివారం

పటమటలో బావ ఇంటికి వెళ్ళి చెప్పాను. మెల్లగా చెప్పాలనే వెళ్ళాను, అక్క ముందు కాకుండా. ఏదీ అనుకున్నట్టు జరగలేదు. అక్క ఉప్మా పెడుతుండగానే మొదలుపెట్టేశాను.

బావ నమ్మలేదు మొదట. ఎవరు చెప్పారు, ఏ బోల్టు అని అడిగాడు. లెక్చరర్ గారే చెప్పారు, నీ సైడే అన్నాను. ఇంక ఆగలేదు నా నోరు. "నా చెయ్యి సంగతి నాకు తెలుసంటావు కదా బావా. ఏం తెలుసు నీకు? కాలవలో పడుంటే ఎవడు సమాధానం చెప్పేవాడు?"

అక్క నన్ను నోర్ముయ్యమంది. బావ ఎడంచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసుకున్నాడు, చిటికెన వేలి దాకా.

"బిగించాననే అనుకున్నానురా."

అంతే. వాదిస్తాడనుకున్నాను. వాదించి ఉంటే బాగుండేది.

జూన్ 9, సోమవారం

వచ్చాడు, మామూలు టైముకే. ఒక బండి బ్రేకు పనికి ఉంది. జాకీ దగ్గరికి వెళ్ళబోతే అడ్డం నిలబడ్డాను. బ్రేకులు ఇంక నువ్వు ముట్టుకోవద్దు బావా అన్నాను. మెల్లగానే అన్నాను. కానీ పక్క షెడ్డు వాళ్ళు ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్ళున్నారని నాకు తెలుసు.

సరేరా అన్నాడు.

తర్వాత లెక్చరర్ గారికి ఫోన్ చేశాడు. తప్పు నాదే మాస్టారూ, పెద్దవాణ్ణి, క్షమించండి అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ పనిలో ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పగా వినలేదు. 

సాయంత్రం ఇంటికి వెళుతూ తన పానాలు తుడిచి, వరసగా పేర్చి వెళ్ళాడు.

జూన్ 10, మంగళవారం

రాలేదు.

జూన్ 11, బుధవారం

రాలేదు. అక్క ఫోన్ చేసి, ఇంక రాడులేరా అంది.

జూన్ 13, శుక్రవారం

ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను — సంతోషంగా ఉంది నాకు. సిగ్గుగానూ ఉంది, కానీ సంతోషం ముందు వచ్చింది. పొద్దున షెడ్డు షట్టరు ఎత్తగానే లోపల ఎవరూ ఉండరు. బొట్టు పెట్టావా అనేవాడు లేడు. ఎడమ అంటే ఎడమే, కుడి అంటే కుడే. వచ్చినవాళ్ళు రంగారావు గారేరీ అంటారు. ఆరోగ్యం బాగాలేదండీ, ఇంక అన్నీ నేనే అంటాను. 'అన్నీ నేనే' అన్న మాట నోటికి తియ్యగా తగులుతోంది.

ఇద్దరు మాత్రం వెనక్కి వెళ్ళిపోయారు. పోనీ.

జూన్ 16, సోమవారం

లెక్చరర్ గారు బస్సులో వెళుతున్నారట. కారు ఇంటి దగ్గరే పెట్టేశారు, ఎక్కాలంటే భయంగా ఉందట. ఒకసారి తెచ్చి చూపించండి, నేనే స్వయంగా చూస్తానని చెప్పాను. 'నేనే స్వయంగా' — వత్తి మరీ అన్నాను.

జూన్ 18, బుధవారం

వాన వస్తుందని రోజంతా ఉడికించి, రాలేదు. చొక్కా మూడుసార్లు పిండాను. చెప్పుకోవాల్సిందేమీ లేదు.

జూన్ 20, శుక్రవారం

లెక్చరర్ గారు వచ్చారు. మెల్లగా, ఇరవైలో నడుపుకుంటూ వచ్చానన్నారు. నేను జాకీ తీసుకుని తిన్నగా క్లీనర్ సైడుకి వెళ్ళి కూర్చున్నాను.

"అటు కాదండీ. ఎడం వైపు అన్నాను కదా, ఇటు" అన్నారు.

తలెత్తి చూశాను. కారు ముందు, బోనెట్‌కి ఎదురుగా నిలబడి ఉన్నారు. చెయ్యి చాపి చూపిస్తున్నారు. ఆయన ఎడమ వైపు.

డ్రైవర్ సైడు.

గట్టు మీద కూడా ఇలాగే నిలబడి ఫోన్ చేసి ఉంటారు. వెనక కాలవ, ముందు కారు. ఎదురుగా నిలబడ్డవాడి ఎడమ. అడగాల్సిన మాట ఒక్కటే — డ్రైవర్ వైపా, అవతలా అని. నేను అడగలేదు. అవసరం లేదనిపించింది, ఎందుకంటే నాకు కావలసిన జవాబు వచ్చేసింది.

చక్రం విప్పాను. పైన ఉయ్యూరు వాళ్ళు వేసిన వేరే బోల్టు. కింద పాతది, నేను వేసిందే. దాని మీద బొట్టు లేదు. చెరిగిపోవడం కాదు, అసలు పెట్టనే లేదు. చేత్తో ఎక్కించి, పానా కోసం లేచి, నిమ్మకాయలావిడ 'ఎంతసేపండీ' అంటే… అక్కడ తెగిపోయింది నా గుర్తు. ఆ తర్వాత గుర్తున్నదల్లా 'పెట్టానన్నాను కదా' అని విసుక్కోవడమే.

క్లీనర్ సైడు కూడా విప్పాను. బావ బొట్లు రెండూ ఉన్నాయి. వెంట్రుకవాసి కదలలేదు. ఆ మొద్దుబారిన చేతులు బిగించిన బోల్టులు.

"ఆ ఎర్రచుక్కలేంటండీ?" అన్నారు లెక్చరర్ గారు, వంగి చూస్తూ.

పాత గుర్తులండీ అన్నాను. అని, గుడ్డకి థిన్నర్ తడిపి తుడిచేశాను. రెండూ. బోల్టులు వదులు చేసి, మళ్ళీ నేను బిగించి, నా బొట్లు పెట్టాను.

పెద్దాయన వయసైపోయింది లెండి, పాపం అన్నారు ఆయన. అవునండీ అన్నాను.

అవునండీ.

జూన్ 21, శనివారం

దొంగకి తేలు కుట్టినట్టుంది. మూలగడానికి లేదు.

జూన్ 23, సోమవారం

ఒకటి మాత్రం నిజం. ఆయన చేతులు బాగాలేవు. ఇవాళ కాకపోతే రేపు, ఈ బండి కాకపోతే ఇంకో బండి. ఎప్పటికైనా ఆపాల్సిందే కదా? ఆపించాను. కారణం తప్పు, పని ఒప్పు. డాక్టరు కూడా అదే అనేవాడు.

పైన రాసింది మళ్ళీ చదివాను. ఎంత చక్కగా రాశాను! బావ చేతులు ఎప్పటికైనా తప్పు చేస్తాయి కాబట్టి నా చేతులు చేసిన తప్పు ఆయనది. ఇదీ నా లెక్క.

అక్క ఫోన్. బావ కాలికి పడ్డ పుండు మానుతోందట, ఇంటిపట్టున ఉండబట్టి. నువ్వు ఆ రోజు గట్టిగా అన్నావు గానీ మంచిదే అయింది తమ్ముడూ, మళ్ళీ పిలవకు అంది. ఊఁ అన్నాను.

జూన్ 24, మంగళవారం

పని చేతికి అంటడం లేదు. ప్రతి బోల్టూ బిగించి, వదిలి, మళ్ళీ బిగిస్తున్నాను. పొద్దున ఒక చక్రం రెండుసార్లు ఎక్కించి దించాను. బండాయన ఏమైందండీ అన్నాడు. పక్క షెడ్డు వాళ్ళు నవ్వుకున్నారు.

జూన్ 27, శుక్రవారం

అక్క రమ్మంటే వెళ్ళాను, మందులు తీసుకుని. వెళ్ళకపోయినా బాగుండేది.

బావ పెరట్లో చేతులు కడుక్కుని, కుళాయి కట్టేసి, అక్కని పిలిచాడు. "ఒకసారి చూడవే, బిగిసిందో లేదో." అక్క వచ్చి తిప్పి చూసి, బిగిసే ఉందండీ అంది. పచ్చడి సీసా మూత పెట్టి అక్కని పిలిచాడు. స్కూటర్ స్టాండు వేసి పిలిచాడు. గ్యాసు దగ్గరికైతే వెళ్ళడమే మానేశాడట. రోజుకి ఎన్నిసార్లు పిలుస్తాడో లెక్కలేదురా అంది అక్క, నవ్వబోయి నవ్వలేక.

నన్ను చూసి సంతోషపడ్డాడు. బండ్లు వస్తున్నాయా, ఫలానా ఆయన గేరు బాక్సు ఏమైంది అని అడిగాడు. బ్రేకుల మాట ఎత్తలేదు. నేను కూర్చున్నంతసేపూ రెండు చేతులూ తువ్వాలు కింద పెట్టుకుని కూర్చున్నాడు.

షుగరు తీసింది ఆయన వేళ్ళ కొసలే. మిగతాది నేను తీశాను.

జూన్ 28, శనివారం

చెప్పాలి.

జూన్ 30, సోమవారం

చెబితే ఏమవుతుంది? మళ్ళీ షెడ్డుకి వస్తాడు. మళ్ళీ బ్రేకులు పట్టుకుంటాడు. ఆ చేతులు నిజంగానే ఒక రోజు మోసం చేస్తే, అప్పుడు ఎవరిని కాలవలో తోసినట్టు? అక్క వద్దంది కదా.

ఇదంతా అక్క కోసమో, జనం కోసమో ఆలోచిస్తున్నట్టు రాస్తున్నాను. భయం నాకోసమే. ఆటోనగర్‌లో ఈ సంగతి తెలిస్తే నా దగ్గరికి ఎవడొస్తాడు? చేసింది దాచి, పెద్దాయన మీద తోసి, పైగా బొట్లు తుడిచినవాడి దగ్గరికి?

జూలై 1, మంగళవారం

రేపు చెబుతాను.

జూలై 2, బుధవారం

వెళ్ళలేదు. వాన. వానే కారణం కాదు.

జూలై 3, గురువారం

చెప్పాను.

అక్క గుడికి వెళ్ళిన టైము చూసుకుని వెళ్ళాను. వసారాలో కూర్చున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా, నిలబడే చెప్పాను, కూర్చుంటే నోరు పెగలదని. "ఆ రోజు ఊడింది డ్రైవర్ సైడు బావా. నాది. నీది కాదు."

చూశాడు. నా మొహం, నా చెప్పులు, మళ్ళీ నా మొహం.

"మీ అక్క చెప్పమందా?"

కాదన్నాను. లెక్చరర్ గారు ఎక్కడ నిలబడ్డారో, ఎటు చెయ్యి చూపారో, ఆ ఎడమ ఎలా తారుమారైందో అన్నీ చెప్పాను. విన్నాడు. మధ్యలో ఒకసారి ఆయన వెన్ను నిటారు కావడం చూశాను. నమ్ముతున్నాడనుకున్నాను.

"అయితే నా సైడు బొట్లు అలాగే ఉన్నాయా?"

"ఉన్నాయి బావా. వెంట్రుకవాసి కదల్లేదు."

"ఏదీ, చూపించు. ఫోటో తీసుంటావుగా. పంక్చరు టైరుకి కూడా ఫోటో తీస్తావు నువ్వు."

తీయలేదన్నాను.

"పోనీ, రేపు మాస్టారి బండి ఒకసారి పిలిపిద్దాం. నేను చూస్తాను."

"లేవు బావా. తుడిచేశాను."

"ఎందుకు?"

ఎందుకో చెప్పాను. భయమేసి అన్నాను, సిగ్గేసి అన్నాను. నిజమే చెప్పాను, ఒక్క ముక్క దాచలేదు. చెబుతున్న కొద్దీ ఆయన వెన్ను మళ్ళీ వంగిపోయింది. మొహంలోకి నవ్వు లాంటిదేదో వచ్చింది.

"అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదురా నీకు."

ప్రమాణం చేస్తానన్నాను. నా చెయ్యి పట్టుకుని ఆపాడు, ప్రమాణాలు వద్దని. ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఈ కాసిని మాటలు చాలురా నాకు, అన్నాడు. నాకోసం ఇంత కథ అల్లుకుని వచ్చావు, ఆ రోజు నువ్వన్న మాటలు ఆ రోజే మర్చిపోయాను, అన్నాడు. అక్క రాగానే, చూడవే నీ తమ్ముడు ఏం చెబుతున్నాడో అని పిలిచి చెప్పాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనం చేసి వెళ్ళమన్నారు. చేశాను. గోంగూర వేశారు. అదీ తిన్నాను.

జూలై 4, శుక్రవారం

లెక్చరర్ గారికి ఫోన్ చేశాను. మా బావకి ఒక్కమాట చెప్పండి సార్, ఏ వైపో మీరే చెప్పండి అని. క్లాసులో ఉన్నానన్నారు. సాయంత్రం ఆయనే చేశారు. "మీ బావగారు పొద్దున్నే మాట్లాడారండీ. మా బామ్మర్ది శీను మీకు ఫోన్ చేస్తాడు, తప్పు వాడిదని చెప్పమంటాడు, మీరు ఇబ్బంది పడకండి అన్నారు."

డ్రైవర్ వైపే కదా సార్ ఊడింది అన్నాను. ఎడమ వైపని ఆ రోజే చెప్పాను కదండీ, అన్నారు. ఎదురుగా నిలబడితేనా, లోపల కూర్చుంటేనా అని అడిగాను. ఇప్పుడెందుకండీ అవన్నీ అన్నారు. "అయిపోయిందేదో అయిపోయింది, వదిలేయండి. మీలాంటివాళ్ళు ఈ రోజుల్లో ఉండరండీ."

జూలై 5, శనివారం

టీ కొట్టు దగ్గర నలుగురూ నా వైపు అదోలా చూస్తుంటే సంగతి తెలిసిపోయిందనుకున్నాను. భుజాలు తడుముకున్నాను. తెలిసిన మాట నిజమే — బావ చెప్పాడట, నిన్న సాయంత్రం నేను వెళ్ళిపోయాక ఆటోలో వచ్చి, ఒక్కొక్క షెడ్డూ తిరిగి. మా బామ్మర్ది నా తప్పు నెత్తిన వేసుకుంటానంటున్నాడు, వాడు ఏం చెప్పినా మీరు నమ్మకండి అని.

ఆ రోజు షెడ్డులో నా మాటలు విన్న పక్కవాళ్ళు ముగ్గురూ వచ్చి చెయ్యి కలిపారు. నిన్ను తప్పుగా అనుకున్నామయ్యా అన్నారు.

తప్పుగా అనుకోలేదు అన్నాను. నవ్వారు.

జూలై 7, సోమవారం

బావ వచ్చాడు. పనికి కాదు. ఊరికే, కూర్చోడానికి. స్టూలు వేసుకుని వాకిట్లో కూర్చున్నాడు. వచ్చిన వాళ్ళందరికీ, పని శీను చూస్తాడండీ, నాకంటే బాగా చేస్తాడు అని చెబుతున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట కోసం చూశాను. ఇవాళ విని లోపలికి వెళ్ళి నిలబడ్డాను.

గన్నవరం నుంచి ఒక బండి. ముందు డిస్కులు. రెండు సైడులూ నేనే చేశాను. బ్రాకెట్లు ఎక్కించి బోల్టులు బిగించాను. పానా పక్కన పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ బిగించాను. చేతికి ఏమీ తెలియడం లేదు. షుగరు లేదు నాకు. బిగిసిందో, బిగిసిందని అనుకుంటున్నానో… బండాయన మేనకోడల్ని ఎయిర్‌పోర్టులో దించాలట, తొందరపడుతున్నాడు.

బావ దగ్గరికి వెళ్ళాను. "ఒకసారి చెయ్యి వేసి చూడు బావా, బిగిసిందో లేదో."

తువ్వాలు కింద నుంచి చేతులు తియ్యలేదు.

"నువ్వు బిగించాక నేను చూసేదేముందిరా?"

మళ్ళీ అడిగాను. ఒక్కసారి బావా, నా మాట విను అన్నాను. బండాయనతో చూశారా అని నవ్వాడు, ఇంత పనిమంతుడై ఉండి ఇంకా నన్ను అడుగుతాడండీ అన్నాడు. అంతే తప్ప లేవలేదు.

చక్రాలు ఎక్కించాను. బండి వెళ్ళిపోయింది.